ఏడు గోల్సు

"ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఈ ఏడు మన పిల్లల జట్టుని ముంచింది గోల్‌కీపరే" అన్నారు హెడ్మాస్టరుగారు, మా బావగారి అరుగు మీద కూర్చుని, మా అక్క యిచ్చిన కాఫీ తాగుతూ.

ఆ గోల్‌కీపరు మా అక్క మనవరాలే. అరుగుని ఆనుకుని వున్న గదిలో కిటికీ కింద కూర్చుని చిక్కుడుకాయలకి యీనెలు తీస్తోంది. ఆ సంగతి ఆయనకి తెలియదా అంటే తెలుసు. చాటుగా అనటం ఆయనకి చేతకాదు. ముప్ఫయ్యేళ్ళు పిల్లల మార్కులు పిల్లల ముందే చదివి వినిపించిన మనిషి.

హాకీ గురించి అరుగుల మీద మాట్లాడుకునే రోజు మా నరసరావుపేటలో వస్తుందని నేనయితే అనుకోలేదు. మా పల్నాటికి కబడ్డీ వుంది. ఎడ్ల బండలాగుడు పోటీలు వున్నాయి. టీవీ వచ్చాక క్రికెట్టు వుండనే వుంది. కోడిపందేల మాట నేను ఎత్తను, పోలీసుల మాటా వస్తుంది. హాకీ మాత్రం మా యింట్లోకి ఒక జత ప్యాడ్లుగా వచ్చింది. డిగ్రీలో చేరిన పిల్ల ఒక సాయంత్రం వాటిని మోసుకొచ్చి అరుగు మీద ఆరేసింది. మా అక్క చూసి, "ఇవేం దిళ్ళే, ఇంత మురిగ్గా వున్నాయి, దూది మార్పించనా?" అని అడిగింది. కాలేజీ పేరు ఎందుకు లెండి, ఊళ్ళో వున్న కాలేజీల్లో ఒకటి. అమ్మాయిల జట్టు కట్టారు. పోయినేడు బాగా ఆడిన ముగ్గురు సీనియర్లు చదువైపోయి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళలో సగంమంది జూన్ నెల దాకా హాకీ కర్ర పట్టుకోనివాళ్ళు. ఒకతె కబడ్డీ నుంచి వచ్చింది, ఇంకొకతె పరుగుపందెం నుంచి. కొంచెం పొడుగ్గా వుందనీ, భయం లేనట్టు కనపడిందనీ మా పిల్లని గోలులో నిలబెట్టారు.

నగరాల్లోలాగా నీలంరంగు కృత్రిమ మైదానం కాదు మాది. నల్లరేగడి నేల. ఎండితే బీటలిస్తుంది, తడిస్తే కాలు పీక్కోవాలి. గీతలు పిడుగురాళ్ళ సున్నంతో గీస్తారు. బంతి ఒక బీటలో పడి లేచిందంటే అది మోకాలి మీదకి వస్తుందో మొహం మీదకి వస్తుందో కొట్టిన పిల్లకే తెలియదు.

ఇంతకీ ఆ అరుగు మీద నలుగురు. హెడ్మాస్టరుగారు, మా బావగారు, బజారులో బట్టలకొట్టు వున్న ఆయన, ఎదురింటి కుర్రాడు. నలుగురూ ప్రతి ఆటకీ వెళతారు. నిజం చెప్పాలంటే ఆ పిల్లలకున్న అభిమానులు ఆ నలుగురే. కనక వాళ్ళని వెక్కిరించటం నా ఉద్దేశం కాదు. అభిమానం లేనివాడు ఓడిపోయిన ఆట గురించి రాత్రి తొమ్మిదింటిదాకా మాట్లాడడు. కానీ ఒక వారంపాటు వాళ్ళ మాటలు విని, విమర్శ అనేది మన భాషలోనే ఎక్కడో తప్పటడుగు వేసిందని నాకు అనుమానం వచ్చింది.

వాళ్ళు మాట్లాడే తీరు గమనించండి. మన పిల్ల అవతలివాళ్ళ గోలులో బంతి వేస్తే "గోలు కొట్టింది" అంటారు. బాగుంది. అవతలి పిల్ల మన గోలులో వేస్తే మాత్రం "కొట్టింది" అనరు. "మన పిల్ల గోలు వదిలేసింది" అంటారు. చేతిలో వున్న చేపని వదిలేసినట్టు, అప్పటిదాకా అదేదో ఆమె సొత్తయినట్టు. పోనీ, బంతి గోలులోకి పోకుండా ఆమె కాలు అడ్డంపెడితే ఏమంటారు? "ఆపింది" అంటారా? ఉహూఁ. "ఆగింది" అంటారు! "అబ్బ, ఆగింది రా!" బంతికి ఏదో జాలి కలిగి దానంతటది ఆగినట్టు. పోయినప్పుడు ఆమె వదిలింది, ఆగినప్పుడు బంతే ఆగింది. ఈ వ్యాకరణంలో గోల్‌కీపరు గెలిచే దారి ఎక్కడుందో నాకు తెలియలేదు.

మన వంటిళ్ళలోనూ ఈ వ్యాకరణమే నడుస్తుంది లెండి. "పాలు పొంగబెట్టావా?" అని అడుగుతారు గానీ, పొంగనివ్వని మూడొందల అరవైనాలుగు రోజుల గురించి "పాలు కాగాయి" అంటారు. అంతకన్నా చెప్పను, ఇది వంటింటి వ్యాసం కాదు.

ఆ రాత్రి మా పిల్ల అన్నం దగ్గర, "వచ్చేవారం ప్యాడ్లు తిరిగి యిచ్చేస్తా చిన్నమ్మమ్మా" అంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. మన భాషలో ఏడు అంటే సంవత్సరమూ అవుతుంది, అంకే అవుతుంది, ఏడవమనటమూ అవుతుంది. ఆ మూడూ ఒకటేసారి గుర్తొచ్చాయి నాకు.

ఎందుకు గుర్తొచ్చాయో చెబుతాను. 1982లో నేను ఇంటర్మీడియెట్ చదువుతున్నాను. ఢిల్లీలో ఆసియా క్రీడలు. డిసెంబరు 1న హాకీ ఫైనలు, ఇండియా పాకిస్తాన్. మా యింట్లో టీవీ లేదు, రేడియో వుంది. మా బాబాయి దాని ముందు చతికిలపడి కూర్చున్నాడు. మొదటి గోలు మనదే. ఎగిరి గంతేశాడు. ఆ తర్వాత వరసపెట్టి ఏడు గోల్సు పడ్డాయి, మన గోలులో. 7–1. ఆనాటి మన గోల్‌కీపరు మీర్ రంజన్ నేగీ. ఎన్నో గోలు దగ్గరో మా బాబాయి రేడియో మీద గుద్ది "అమ్ముడుపోయాడు" అన్నాడు. ఆయన ఒక్కడే కాదు, దేశమంతా ఆ మాటే అంది. హసన్ సర్దార్, కలీముల్లా వంటివాళ్ళు ఆడుతున్న పాకిస్తాన్ ముందువరస అప్పట్లో ప్రపంచంలోనే గట్టిది. మనవాళ్ళు గోలు కొట్టాలన్న ఆత్రంలో ముందుకి ముందుకి పోయి వెనక ఖాళీ వదిలేస్తే, ఆ ఖాళీలో ఒక్కడు నిలబడ్డాడు. రేడియోలో ఖాళీ వినపడదు. గోలు మాత్రమే వినపడుతుంది.

ఇంకో సంగతి అప్పుడు నాకు తట్టలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అవే ఆసియా క్రీడల్లో ఆడవాళ్ళ హాకీ మొట్టమొదటిసారి పెట్టారు. ఎలీజా నెల్సన్ కెప్టెన్‌గా మన అమ్మాయిలు బంగారు పతకం గెలిచారు. మా యింట్లో ఆ మాట ఎవరైనా అన్నట్టు గుర్తులేదు. నేనూ అనలేదు. ఆడపిల్లనై వుండి, మా బాబాయితోపాటు నేగీనే తిట్టుకుంటూ పడుకున్నాను.

పందెం పోతే ఏం జరుగుతుందో పల్నాటివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మా మాచర్ల, గురజాల కథంతా ఒక కోడిపందెంతోనే తిరిగింది కదా! బ్రహ్మనాయుడి కోడి ఓడితే మాచర్లవాళ్ళు ఏడేళ్ళు వలసపోయారు. తర్వాత కారెంపూడిలో యుద్ధమూ, ఇప్పటికీ ప్రతి కార్తీక అమావాస్య వెళ్ళాక వీరుల ఉత్సవాల్లో కోడిపోరు అని ఒక రోజూ. తప్పంతా ఎవరిదంటే నాయకురాలు నాగమ్మది అని చెప్పటం కథకులకి అలవాటు. ఆవిడ పక్షాన మాట్లాడాలంటే వేరే వ్యాసం కావాలి. కాకపోతే ఒక తేడా చూడండి. పల్నాట్లో ఒక్క కోడి ఓడితే జనమంతా అడవికి పోయారు. ఢిల్లీలో పదకొండుమంది ఓడితే ఒక్కడు పోయాడు. మనం ఈ విషయంలో ముందుకెళ్ళామో వెనక్కెళ్ళామో నేను తేల్చుకోలేను.

నేగీ వలస ఏడేళ్ళతో తీరలేదు. 1998లో బాంకాక్ ఆసియా క్రీడల్లో మనవాళ్ళు బంగారం గెలిచినప్పుడు గోల్‌కీపర్లకి శిక్షకుడుగా ఆయన వున్నాడు. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో సూరజ్ లతా దేవి నాయకత్వాన మన ఆడవాళ్ళ జట్టు ఇంగ్లండ్‌ని ఓడించి బంగారం తెచ్చినప్పుడూ ఆయన ఆ జట్టుతో వున్నాడు. లెక్కవేస్తే పదహారేళ్ళు, ఇరవయ్యేళ్ళు. మా బాబాయి అప్పటికి లేడు. వుంటే ఏమనేవాడో!

ఇదంతా మా పిల్లకి చెబుదామనుకున్నాను. కానీ పాతకథలు చెబితే ఈకాలం పిల్లలు వినరు, సినిమా అయితే చూస్తారు. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం కూర్చుని 'చక్ దే ఇండియా' పెట్టుకున్నాం. 2007లో వచ్చింది. షిమిత్ అమీన్ దర్శకుడు, జయదీప్ సాహ్ని రచయిత, షారుఖ్ ఖాన్ కోచ్. మీలో చాలామంది చూసే వుంటారు. పిల్లకి ధైర్యం వస్తుందని నేను పెట్టిన సినిమా అది. నాకున్న ధైర్యం పోయింది.

మంచి సినిమా కాదని అనటం లేదు. పదహారుమంది ఆడపిల్లల్ని వాళ్ళ వాళ్ళ యాసలతో, పొగరుతో, తిండిపోతుతనంతో చూపించిన సినిమాలు మనకి ఎన్ని వున్నాయి? వాళ్ళలో మన ఆంధ్రప్రదేశ్ పిల్ల నేత్రా రెడ్డి కూడా వుంది. కెప్టెన్ విద్యాశర్మ కొత్తకోడలు, అత్తింటివాళ్ళు ఆట మానమంటారు, ఆవిడే గోల్‌కీపరు. హిందీ సినిమాలో ఒక కోడలికి హెల్మెట్ పెట్టి గోలులో నిలబెట్టటం చిన్న సంగతి కాదు. ప్రపంచ పోటీల్లో మొదటి ఆటలోనే ఆస్ట్రేలియా చేతిలో వాళ్ళు ఎంతకి ఓడతారో గుర్తుందా? 7–0. మళ్ళీ ఆ ఏడే!

నాకున్న పేచీ రెండు చోట్ల. ఒకటి, సినిమా మొదట్లో షారుఖ్ పాత్ర కబీర్ ఖాన్‌కి పడే నింద. పాకిస్తాన్‌తో ఆడుతూ ఓడిపోతాడు, అమ్ముడుపోయాడంటారు, ఇల్లు వదిలిపోతాడు, ఏళ్ళ తర్వాత అమ్మాయిల జట్టుకి కోచ్‌గా వస్తాడు. ఇది నేగీ కథేనని జనం అనుకున్నారు. కాదని రచయిత చెప్పారు, సరే, ఆయన మాటే నమ్ముదాం. ఆ సినిమా తీసేప్పుడు అందులోని అమ్మాయిలకి హాకీ నేర్పింది మాత్రం నేగీయే. కబీర్ ఖాన్ గోల్‌కీపరు కాదు, ముందువరస ఆటగాడు. ఆయన చేసిన తప్పు ఒక పెనాల్టీ స్ట్రోక్ గురి తప్పటం. చూశారా తమాషా! గోల్‌కీపరు ఏడు గోల్సు 'వదిలేస్తే' సినిమాకి పనికిరాడు. హీరో కావాలంటే కొట్టబోయి తప్పాలి. తప్పులోనైనా దర్జా వుండాలి. కొట్టేవాడి తప్పు విషాదం, ఆపేవాడి తప్పు వట్టి నేరం. మన అరుగు వ్యాకరణం బొంబాయిలోనూ చెల్లుతోందన్నమాట.

రెండోది ఇంకా లోపల తగిలింది. చివరి ఆట పెనాల్టీ స్ట్రోకుల దాకా వస్తుంది. ఆఖరి స్ట్రోక్ ఆపితే మనం గెలుస్తాం. గోలులో విద్య. కొట్టబోయే ఆస్ట్రేలియా అమ్మాయి ఎటు కొడుతుందో గట్టు మీద నిలబడ్డ కబీర్ ఖాన్ పసిగడతాడు, అది ఆయన మొహంలో చూసి ఈవిడ కనిపెడుతుంది, ఆపుతుంది. నేను 2007లో హాల్లో చూసినప్పుడు చప్పట్లు కొట్టాను. ఈసారి నా పక్కనున్న పిల్ల కొట్టలేదు. తెర మీద అందరూ కావలించుకుంటుంటే మెల్లగా అంది: "నా వంక ఎవరూ అట్టా చూడరు చిన్నమ్మమ్మా. అంత టైమెక్కడిది? బంతి బయల్దేరాక చూట్టమే."

అదీ విమర్శంటే! నేను పేజీలు రాసినా ఇంతకన్నా చెప్పలేను. రెండున్నర గంటలు ఆడపిల్లల తెలివిని నమ్మిన సినిమా, ఆఖరి క్షణంలో, గోల్‌కీపరు స్వంతంగా చెయ్యాల్సిన ఒకే ఒక్క ఊహని తీసుకెళ్ళి మగమాస్టారి కళ్ళల్లో పెట్టింది. చెయ్యి ఆమెది, బుద్ధి ఆయనది. ఆమె ఆపిందా, ఆయన ఆపించాడా?

ఈ లెక్క తేల్చాలంటే ముందు గోలంటే ఎంతో తెలియాలి. కుర్రాణ్ణి అడిగి రాసుకున్నాను. పన్నెండు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు. ఎనభైనాలుగు చదరపు అడుగులు. మా పిల్ల అయిదడుగుల నాలుగంగుళాలు, హెల్మెట్‌తో కలిపి ఇంకో రెండు. మీ యింట్లో చిన్న గదికి ఒకవైపు గోడ తీసేసి, ఆ ఖాళీలో మీ అమ్మాయిని నిలబెట్టి, పదహారు గజాల లోపల నుంచి ఎవరెటు విసిరినా ఒక్క రాయి గదిలో పడకూడదని చెప్పండి. పెనాల్టీ కార్నర్ అని ఒకటుంది, అది ఇంకా అన్యాయం. అవతలివాళ్ళు ఎంతమందయినా రావచ్చు, మనవాళ్ళు గోల్‌కీపరుతో కలిపి అయిదుగురే గీత వెనక నిలబడాలి. ముందువరస పిల్లలు అలిసిపోతే బయటికొచ్చి మంచినీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళొచ్చు. గోలులో వున్న పిల్లకి ఆ వెసులుబాటు మామూలుగా వుండదు.

పెద్ద ఆటల్లోనూ ఇంతే. టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగాయి కదా, మన అమ్మాయిల జట్టు మొదటి మూడు ఆటల్లో నెదర్లాండ్స్ చేతిలో 1–5, జర్మనీ చేతిలో 0–2, బ్రిటన్ చేతిలో 1–4 ఓడింది. మొత్తం 11 గోల్సు. గోలులో వున్నది హర్యానా అమ్మాయి సవితా పూనియా. ఆ జులై 28 రాత్రి మా అరుగు మీద ఈ జట్టు గురించి మాట వచ్చి వుంటే సవితకి ఏ శిక్ష పడేదో ఊహించగలను. ఆగస్టు 2న క్వార్టర్ ఫైనలు, గ్రూపులో అన్ని ఆటలూ గెలిచి వచ్చిన ఆస్ట్రేలియాతో. గుర్జీత్ కౌర్ ఒక్క గోలు కొట్టింది. ఆస్ట్రేలియా వాళ్ళకి ఏడు పెనాల్టీ కార్నర్లు వచ్చాయి. ఒక్కటీ గోలు కాలేదు. 1–0. ఆ రోజు నుంచి సవిత 'గోడ' అయిపోయింది, వరసగా మూడుసార్లు ప్రపంచంలో ఉత్తమ గోల్‌కీపరుగా ఎంపికయింది. అయిదు రోజుల్లో ఆమె కొత్తగా ఏం నేర్చుకుని వుంటుంది? ఆమె అంతకుముందూ గోడే. ముందు నిలబడ్డవాళ్ళు కుదురుకున్నారు.

అదే జట్టుతో అదనపు గోల్‌కీపరుగా మన అప్పటి చిత్తూరు జిల్లా పల్లెటూరి పిల్ల ఏతిమరపు రజని కూడా టోక్యోలో వుంది. అదనపు ఫార్వర్డ్ అయితే ఎప్పుడో ఒకప్పుడు పిలుపొస్తుంది. అదనపు గోల్‌కీపరంటే ఏళ్ళ తరబడి అన్నీ సర్దుకుని ప్రయాణానికి సిద్ధంగా కూర్చోవటమే, బండి ఆగుతుందో లేదో తెలియదు. ఆ ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఆమెకి 25 లక్షలు ఇచ్చి సత్కరించినప్పుడు, "ఆడకపోయినా ఇచ్చారు" అన్నవాళ్ళని నేనెరుగుదును. 2024 జనవరిలో మస్కట్‌లో అయిదుగురేసి ఆడే హాకీకి మొదటి ప్రపంచకప్ జరిగితే ఆమే మన జట్టుకి కెప్టెన్. ఫైనల్ దాకా తీసుకెళ్ళింది. నెదర్లాండ్స్ చేతిలో ఓడారు. ఎంతకో చెప్పనక్కర్లేదనుకుంటాను. 7–2.

అదే ఏడు! నేగీకి వలస తెచ్చిన ఏడే, రజనికి వెండిపతకంతోపాటు వచ్చింది. ఎవరూ అమ్ముడుపోయిందనలేదు. పిల్లలు బాగా ఆడారన్నారు. చిన్న మైదానం, నలుగురే ముందు, దూరం నుంచి కూడా గోలు కొట్టచ్చు, ఆ ఆటలో గోల్సు ఎక్కువే పడతాయి, నిజమే. అవతల పాకిస్తాన్ కాకపోవటం ఇంకో కారణం. ఆడవాళ్ళ ఆట ఎక్కువమంది చూడకపోవటం మూడో కారణమేమో అని నా మనసులో ఒక పురుగు తొలుస్తోంది. చూడనివాళ్ళ క్షమకి ఎంత విలువ? తిట్టేంతగా చూసే నలుగురు మా అరుగు మీద వున్నారు కదా, అది మా పిల్ల అదృష్టమేనేమో. ఆ నలుగురికీ లెక్క సరిగ్గా రాయటం నేర్పితే చాలు.

అందుకని తర్వాతి ఆటకి నేనూ వెళ్ళాను. పాల లెక్క పుస్తకం, పెన్సిలూ పట్టుకెళ్ళాను. మా బావగారు, "ఏం మరదలా, మైదానంలో పాలు కూడా పోస్తున్నారా?" అని అడిగారు. నేను మాట్లాడలేదు. మన గోలు మీదకి వచ్చిన ప్రతి బంతికీ ఒక గీత గీశాను. లోపలికి పోతే అడ్డగీత, బయటికి పోతే సున్నా, ఆపితే చుక్క. రెండో పక్క అవతలి పిల్లకీ అలాగే.

ఆట 5–1తో ఓడిపోయాం. హెడ్మాస్టరుగారు అరుగెక్కుతూనే, "అయిదు వదిలిందమ్మా! అవతలి పిల్లని చూడండి, ఒక్కటంటే ఒక్కటే! ఏం ఆడింది!" అన్నారు.

నేను పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని, ఆయన అలవాటు ప్రకారం పైకే చదివారు. మన గోలు మీదకి వచ్చినవి 23. పక్కకి పోయినవి 4. లోపలికి 5. ఆపినవి 14. అవతలి గోలు మీదకి మనవాళ్ళు కొట్టినవి 6. పక్కకి 3, లోపలికి 1, ఆపినవి 2.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బట్టలకొట్టాయన వేళ్ళ మీద ఏదో లెక్కవేసుకున్నాడు. కొట్టులో కూర్చున్నవాడికి ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి అన్న సంగతి తొందరగా బుర్రకెక్కుతుంది.

"అయితే ఇరవైమూడు ఎందుకు రానిచ్చారు?" అన్నాడు ఎదురింటి కుర్రాడు.

"అదీ ప్రశ్న" అన్నాను నేను.

ఆ తర్వాత గంటసేపు వాళ్ళు మాట్లాడిన మాటలు వింటే మీకు ముచ్చటేసేది. కబడ్డీ నుంచి వచ్చిన పిల్ల బంతి వెనక పరిగెత్తి తన చోటు ఖాళీ చేస్తోందనీ, కుడివైపు నుంచే పది పైగా వచ్చాయనీ, సీనియర్లు వెళ్ళిపోయాక వెనక నిలబడి అరిచి చెప్పేవాళ్ళు లేరనీ. నాలుగు నెలలుగా ఆ నలుగురూ చూస్తున్నవే ఇవన్నీ, కళ్ళతో చూసి నోటితో అననివి. హెడ్మాస్టరుగారు మాత్రం పూర్తిగా లొంగలేదు. "ఆ నాలుగో గోలు మటుకు ఆ పిల్లదే. ముందే కింద పడుకుంది. ఒక్క క్షణం నిలబడి వుంటే ఆగేది." నిజమే. నేనూ చూశాను. అయిదింటిలో ఒకటి ఆమెదే. కానీ "ఆగేది" కాదు మాస్టారూ, "ఆపేది" అన్నాను. ఆయన నవ్వి, "ఆపేది" అని దిద్దుకున్నారు. ఎంతయినా మాస్టారు కదా.

అప్పుడు లోపల నుంచి పిల్ల బయటికి వచ్చింది. ఒక కాలికి ప్యాడు అలాగే వుంది. పుస్తకం తీసుకుని చుక్కలన్నీ వేలు పెట్టి చూసుకుంది, మార్కులు చూసుకున్నట్టే.

"చిన్నమ్మమ్మా, ఇదిగో ఈ తొమ్మిదో చుక్క కొట్టెయ్. దాన్ని నేను ఆపలేదు. స్తంభానికి తగిలి ఆగింది" అంది.

నేను కొట్టేసి, 14ని 13 చేశాను. పెన్సిలు నా దగ్గర నుంచి హెడ్మాస్టరుగారు తీసుకున్నారు, వచ్చే ఆటకి తనే రాస్తానన్నారు. పిల్ల రెండో ప్యాడు ఎక్కడ పెట్టానా అని అరుగు కింద వెతుకుతోంది.